ముప్పదియైదవ వంతు ట్యాంకు

కొన్ని సంవత్సరముల క్రిందట సంక్రాంతికి మా యింటి బొమ్మలకొలువులో, కొండపల్లి అంబారీ యేనుగునకు ప్రక్కగా, ఒక జర్మను ట్యాంకు వచ్చి నిలిచినది. దానిని మేము మూడు మాసములు శ్రమించి ముక్క ముక్కగా అతికి తయారుచేసితిమి. పేరంటమునకు వచ్చినవారు దాని మెట్టు చేరగానే ఒక క్షణము ఆగి, మర్యాదకు నవ్వి, ముందుకు సాగిరి. మా మేనత్త మాత్రము కండ్లజోడు సవరించుకొని చాలసేపు చూచి, “ఇదేం బండిరా నాయనా? లోపల మనుషులుంటారా?” అని యడిగినది. ఉందురనియు, అయిదుగురనియు చెప్పితిమి. “ఈ అగ్గిపెట్టెలోనా!” అని ఆమె ముక్కుమీద వ్రేలుంచుకొన్నది.

ఆ శకటము పేరు పాంథర్. 1941 వేసవిలో రష్యాపై దండెత్తిన జర్మను సేనలకు అచ్చట టి-34 అను సోవియట్ ట్యాంకు ఎదురయ్యెను. ఏటవాలు కవచమును, వెడల్పు పట్టాలును గల ఆ ట్యాంకును చూచి జర్మను సేనాధికారులు కలవరపడి, దానిని పరీక్షించుటకు ఆ సంవత్సరము నవంబరులో ఒక సంఘమును పంపిరి. ఆ పరీక్షకు ఫలితమే పాంథర్. 1943 ఆరంభమున ఉత్పత్తి మొదలయ్యెను. జూలైలో కూర్‌స్క్ సమరమునకు సుమారు 200 శకటములను తరలించిరి. తొందరపాటు పని యగుటచేత వానిలో ఇంధనపు గొట్టములు కారెను, ఇంజనులు మంటలంటుకొనెను, గేర్లు విరిగెను. శత్రువు కొట్టక మునుపే కొన్ని దారిలో నిలిచిపోయెను. సమరము మొదలైన అయిదారు దినములలో అత్యధికభాగము కదలలేని స్థితికి వచ్చెను. తరువాత లోపములు కొంతవరకు దిద్దబడి, యుద్ధాంతమునకు సుమారు 6,000 పాంథర్లు తయారయ్యెను.

ఇట్టి శకటము మన చేతిలో పట్టునంత చిన్నదై, దేశదేశముల పిల్లలకును పెద్దలకును వినోదవస్తువగుట ఎట్లు సంభవించెను? ఈ కథ జర్మనీలో గాక జపానులో జరిగినది.

షిజువోకా అనునది ఫ్యూజీ పర్వతమునకు నైరృతి దిక్కున సముద్రతీరమందున్న నగరము. వడ్రంగము అచ్చట పూర్వకాలమునుండి వచ్చిన విద్య. 1945 జూన్ 19వ తేదీ రాత్రి అమెరికా విమానములు ఆ నగరముపై నిప్పుబాంబులు కురిసెను. రమారమి 2,000 మంది మరణించిరి. మరుసటి సంవత్సరము, అనగా 1946లో, యోషియో తమియా అను నాతడు అచ్చట కలపకోత వ్యాపారమును స్థాపించెను. కాలిపోయిన ఊరిలో ఇండ్లు కట్టుకొనువారికి కలప కావలెను గదా! కలపకు తోడు చెక్క నమూనాలు చేయు విభాగమును కూడ కొలదికాలములోనే తెరచెను. 1951లో అగ్నిప్రమాదము జరిగి నిలువచేసిన కలప దగ్ధమయ్యెను. 1953 నాటికి ఆయన కలపవర్తకమును వదలి నమూనాల పనినే పట్టుకొనెను. దైవికముగా తగిలిన దెబ్బ మనుష్యుని వృత్తిని ఎటు త్రిప్పునో ముందుగా ఎవరు చెప్పగలరు!

అంతలో అమెరికానుండి ప్లాస్టిక్ నమూనాలు వచ్చి జపాను అంగళ్లలో కూర్చుండెను. కరగిన ప్లాస్టికును ఉక్కు అచ్చులోనికి త్రోసి తీసిన ముక్కలు వెంట్రుకవాసి గీతలను కూడ చూపుచుండగా, చెక్కబొమ్మను కొనువారెవరు? ఆ కుటుంబమువారును ప్లాస్టికునకు మారక తప్పలేదు. 1960లో తమ దేశపు మహాయుద్ధనౌక యమాటోను తొలి ప్లాస్టిక్ నమూనాగా విడిచిరి. అదే సమయమున మరొక సంస్థ అదే నౌకను తక్కువ ధరకు అమ్మకమునకు పెట్టుటచే నష్టము వచ్చెను. ఉక్కు అచ్చు చేయించుట చిన్న ఖర్చు కాదు. ఒక అచ్చు తప్పిన సంస్థకు రెండవ అచ్చు పరీక్షవంటిది.

ఆ రెండవ పరీక్షకు యోషియో కుమారుడు షున్‌సకు ఎన్నుకొన్నది పాంథర్. 1961 ముగిసి 1962 ఆరంభమగు వేళ అది బజారులోనికి వచ్చెను. ఆ శకటమే ఎందులకు? దాని ఒడలు సమతలములతో, సూటియైన అంచులతో నుండుటచేత అచ్చు గీయుట సులభము. టి-34ను చూచి జర్మనులు నేర్చుకొన్న ఏటవాలు పలకలే, ఇరువది యేండ్ల తరువాత ఒక జపాను యువకునికి పని తేలిక చేసినవి. పెట్టెపై బొమ్మను షిగేరు కొమత్సుజాకి అను ప్రసిద్ధ చిత్రకారుడు వేసెను. లోపల చిన్న విద్యుత్ మోటారు, రెండు బ్యాటరీలు. నేలమీద విడిచిన ట్యాంకు పుస్తకములనెక్కి దిగుచుండగా పిల్లలు కేరింతలు కొట్టిరి. సంస్థ నిలిచినది.

ముప్పదియైదవ వంతు అను కొలత ఎక్కడిదో ఇప్పుడు చెప్పవలెను. అది ఏ సైనికశాస్త్రమునుండియు పుట్టలేదు. విమాన నమూనాలలో వాడుక యైన 72వ వంతునకు ఒక లెక్క కలదు: ఆరడుగులకు ఒక అంగుళము. 1942లో అమెరికా నౌకాదళము, శత్రువిమానములను గుర్తించుట నేర్పుటకై, పాఠశాలల పిల్లలచేత 5 లక్షల చెక్కవిమానములు చేయింపబూనినప్పుడు వాడినదీ కొలతయే. 35కు అట్టి వంశవృక్షము లేదు. ఆ రెండు బ్యాటరీలు ఒడలిలో పట్టవలెను. పట్టునంత ట్యాంకు చేసిరి. తరువాత అదే పరిమాణములో మరికొన్ని శకటములు చేయదలచి, మొదటిదానిని కొలిచి చూడగా సుమారు 35వ వంతని తేలినది. నేడు చైనా, హాంగ్‌కాంగ్, ఇటలీ దేశముల సంస్థలు కూడ సైనికశకటములకు ఈ కొలతనే పాటించుచున్నవి. రెండు బ్యాటరీలు ప్రపంచమునకంతకు ఒక ప్రమాణమును ఇచ్చినవి!

మోటారు ఉన్నంతకాలము సత్యమునకు కొంత ఇరుకు తప్పదు. బ్యాటరీకి చోటు, ఇరుసుకు చోటు, మీటకు చోటు కావలెను. చక్రములు గట్టిగా తిరుగవలెను. పిల్లవానికి కావలసినది పరుగు గాని బొల్టుల సంఖ్య కాదు. కాని అదే పిల్లవాడు పెద్దవాడయ్యెను. నిజమైన ట్యాంకులో ఈ మూత ఎటు తెరచుకొనునని అడుగసాగెను. షున్‌సకు 1960వ దశకపు మధ్యకాలమున అమెరికాకు పోయి, మేరీలాండులోని అబర్డీన్ పరీక్షాస్థలమందు నాడు ఆరుబయట నిలిపియున్న శకటములను ఫొటోలు తీసికొని వచ్చెను. ఆ సేకరణ తరువాతికాలమున అచ్చటినుండి తరలింపబడినది. ఓడిన దేశపు యువకుడు గెలిచిన దేశమునకు పోయి, మరొక ఓడిన దేశపు ట్యాంకు చుట్టు తిరుగుచు దాని అడుగుభాగమును కూడ ఫొటో తీయుట తలచుకొనిన మాకు ఎప్పుడును వింతగా తోచును. ఆయన 2025 జూలైలో తన 90వ యేట మరణించెను.

క్రమముగా మోటారు తొలగెను. సత్యము లోనికి వచ్చెను. సత్యముతో పాటు కష్టమును వచ్చెను. ఈ మాటను మేము పుస్తకమునుండి గాక వ్రేళ్లనుండి నేర్చుకొంటిమి.

పాంథర్‌కు ఒక్కొక్క ప్రక్క ఎనిమిది ఇరుసులు. ఒక్కొక్క ఇరుసుకు రెండేసి పెద్ద బిళ్లచక్రములు. అనగా ఇరువైపుల కలిపి 32. ఇవి వరుసగా నిలువక, చాప అల్లికవలె ఒకదాని సందున మరియొకటి చొచ్చియుండును. బరువు పట్టాపై సమముగా పడుటకు అట్లు చేసిరి. నమూనాలో వీనిని లోపలివరుసనుండి బయటికి క్రమము తప్పక పెట్టవలెను. మేము తొందరపడి బయటి చక్రములను ముందుగా అతికితిమి. తరువాత లోపలివి దూరలేదు. జిగురు ప్లాస్టికును కరగించి ఏకముచేయునది గావున ఊడదీయుటయు సాధ్యము కాలేదు. లాగగా ఒక ఇరుసుచేయి పుటుక్కున విరిగినది. విసుగుతో లేచి పోయితిమి. పిమ్మట చదువగా తెలిసినదేమన, యుద్ధభూమిలో మరమ్మతుదారులకును ఇదే బాధ. లోపలి చక్రము చెడినచో ప్రక్కనున్న బయటి చక్రములను ముందు విప్పవలెను. రష్యా బురద వాని సందులలో నిండి, రాత్రి గడ్డకట్టి, తెల్లవారుసరికి బండి కదలకుండెడిది. ఆ మంచులో, ఇనుమునకు చేతులంటుకొనిపోవుచుండగా, ఫిరంగులమ్రోత నడుమ వారు చేసిన పనిని మేము దీపము క్రింద, కాఫీ త్రాగుచు, 35వ వంతున చేసి అలసితిమి! ఈ కష్టము నమూనా చేసినవారు కల్పించినది కాదు. జర్మను యంత్రశిల్పి బల్లమీద పుట్టి, మెకానిక్కుల చేతులమీదుగా, పెట్టెలోనికి దిగినది.

పట్టాలు మరొక పరీక్ష. ఒక్కొక్క ప్రక్కకు ఎనుబదికి పైగా లంకెలు. ప్రతిదానిని చట్రమునుండి కోసి, ఆకురాయితో నునుపుచేసి, తరువాతిదానికి అతుకవలెను. జిగురు సగమారిన వేళ, మెత్తగా నున్నప్పుడే దంతచక్రము చుట్టు వంచవలెను. అరగంట ఆలసించిన అది కర్ర. నాలుగు లంకెలు చాపక్రిందికి పోయి, రెండు దొరకినవి. రెండు మరునాటి చీపురువాత పడినవని మా అనుమానము.

అన్నిటికంటె పెద్ద పొరపాటు రంగునకు ముందు జరిగినది. జర్మనులు తమ ట్యాంకులకు జిమ్మెరిట్ అను ఒక పూత పూసెడివారు. శత్రుసైనికుడు పరుగెత్తివచ్చి అయస్కాంతపు మందుపాతరను ఉక్కుకు అంటింపకుండుటకు ఈ ఉపాయము. బేరియం సల్ఫేటు, ఒక విధమైన జిగురు, పసుపుమన్ను రంగు, రంపపుపొట్టు మొదలగునవి కలిపి చేసిన ముద్దను పూసి, దువ్వెనతో గీచినట్లు గాళ్లు తీయుదురు. అసలు పూత కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. నమూనాలో అది మిల్లీమీటరులో పదవ వంతు మొదలు అయిదవ వంతు వరకు. మేము పుట్టీని పలుచగా పరచి, సన్నని మేకుమొనతో గీత తరువాత గీతగా పదునాలుగు సాయంకాలములు గీచితిమి. అద్భుతముగా వచ్చినదని మాకు గర్వము కలిగెను. దానిపై కూర్‌స్క్ సమరములోని ఒక పాంథర్ సంఖ్యను వేయదలచి, ఆ సంఖ్య కాగితములను కూడ సిద్ధపరచితిమి.

ఆ పనియందే తల నెరసిన మిత్రుడొకరు వచ్చి చూచి, “గీతలు బాగున్నవండీ. కాని మీ బండి ఏ నెలలోనిది?” అని అడిగిరి. జూలై అంటిమి. “ఈ పూత పూయుట మొదలైనది సెప్టెంబరు ప్రాంతమున గదా!” అనిరి. అంతే. మరేమియు అనకుండ కాఫీ త్రాగి వెళ్లిరి.

మేము పుస్తకములను తిరుగవేసితిమి. ఆయన మాట నిజము. 1943 వేసవి చివర మొదలైన ఆ పూతను, దెబ్బ తగిలినప్పుడు అది మండుచున్నదన్న అనుమానముచేత 1944 సెప్టెంబరులో మానివేసిరి. కూర్‌స్క్‌లో నిలిచిన పాంథర్‌పై జిమ్మెరిట్ ఉండుటకు వీలులేదు. ఇప్పుడు రెండే దారులు: సంఖ్యను మార్చి మరొక కాలపు బండిగా చూపుట, లేదా పూతను గీకివేయుట. మొదటిది సులభముగా కనబడినను, మా పెట్టెలోని నమూనా తొలి రకపు పాంథర్. సేనానాయకుని గుమ్మటము మొదలు ముందుభాగము వరకు దానిపై అనేక చిహ్నములు ఆ వేసవినే చెప్పుచున్నవి. బొమ్మలకొలువునకు వచ్చువారిలో ఈ భేదము ఎరిగినవారు ఒక్కరైనను ఉండరు. ఐనను పదునాలుగు సాయంకాలముల పనిని వారము దినములు ఆకురాయితో గీకి తీసివేసితిమి. మా యింటివారు దీనిని పిచ్చి యనిరి. కాదని వాదించుటకు మాకు మాట దొరకలేదు.

నునుపైన పలకపై రంగువేసినప్పుడు ఒక విశేషము తెలిసినది. నిజమైన పాంథర్ ముందరి కవచము మందము 80 మిల్లీమీటర్లు. 35వ వంతున అది రెండు మిల్లీమీటర్లకు కొంచెము పైన. ప్రక్కపలకలు 40 మిల్లీమీటర్లు; అనగా నమూనాలో ఒక మిల్లీమీటరుకు కొంచెము ఎక్కువ, దళసరి అట్టముక్కంత. ఆ అట్ట వెనుక అయిదుగురు కూర్చుండిరి. 45 టన్నుల శకటమును ఉక్కుతో ఇంత చిన్నది చేసినచో కిలోగ్రామునకు కొంచెము మించును. మాది ప్లాస్టిక్ గావున అంతయు తూగదు.

ఈ సంఖ్యలు చెప్పిన పిమ్మట మా మేనత్త మరొకమారు కండ్లజోడు పెట్టుకొని, ప్రక్కపలకను వ్రేలితో తాకి, “వాళ్ళూ ఒక తల్లి పిల్లలేగా” అన్నది. ఎవరి తల్లి, ఏ దేశపు తల్లి యని ఆమెకు పట్టింపు లేదు. షిజువోకా సంస్థ 1968లో జర్మను ట్యాంకు సిబ్బంది ప్రతిమలను కూడ విడిచినది. అరచేతిలో కూర్చుండునంతటివి, సుమారు అయిదు సెంటీమీటర్ల మనుష్యులు. అట్టివి కొన్ని మా పెట్టెలోను ఉండెను. ట్యాంకు ముగియువరకు వానిని తీయలేదు. మరుసటి సంక్రాంతికి ఒకనికి రంగువేసి, మూత తెరచి, నడుమువరకు బయటికి నిలిపితిమి. మొగము మాత్రము నాలుగుమార్లు చెరిపి వేయవలసి వచ్చినది.