నాలుగు పాదాల్లో మూసీ వరద: అమ్జద్ హైదరాబాదీ



కవిత్వాన్ని చరిత్రకు ఆధారంగా తీసుకోవచ్చా? తీసుకుంటే ఎంతవరకు? ఈ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకొని ఈ భాగాన్ని చదవండి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. అప్పటి పాలకుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. మృతులు సుమారు 15 వేల మంది అని సాధారణంగా చెబుతారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది వరకు ప్రాణాలు దక్కించుకున్నారని ప్రసిద్ధి. తరువాత ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా కోరింది. ఆయన సూచనల ఫలితంగానే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి.

ఇది నగరం కథ. ఇక ఒక ఇంటి కథ చూద్దాం. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నారు. తాను బతికి బయటపడ్డారు. వరదపై 'ఖయామత్-ఎ-సుగ్రా', అంటే 'చిన్న ప్రళయం' అనే కవిత రాశారు. ఆ తరువాత అర్ధ శతాబ్దానికి పైగా జీవించి 1961లో మరణించారు.

ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చినవి రుబాయీలు. రుబాయీ నాలుగు పాదాల పద్యం. సాధారణంగా ఒకటి, రెండు, నాలుగు పాదాలకు అంత్యప్రాస ఉంటుంది. దువ్వూరి రామిరెడ్డి 'పానశాల' చదివినవారికి ఒమర్ ఖయ్యాం రుబాయీలు పరిచయమే.

ఇదే కాలంలో జపానులోనూ ఒక చిన్న పద్యరూపం సొంత దుఃఖాన్ని మోసింది. 31 మాత్రల టంకా అక్కడ వెయ్యేళ్లకు పైబడిన సంప్రదాయం. ఇషికావా తకుబొకు (1886–1912) దానిని మూడు పంక్తుల్లో రాసి, పేదరికాన్ని, రోజువారీ బతుకును అందులోకి తెచ్చాడు. 1910లో అతని కొడుకు పుట్టిన కొద్ది వారాలకే చనిపోయాడు. అచ్చుకు సిద్ధమవుతున్న తన సంపుటిలో తకుబొకు ఆ మరణంపై రాసిన టంకాలను చేర్చాడు.

ఇద్దరి మధ్య ఒక తేడా గమనించండి. తకుబొకు టంకాల్లో సంఘటన నేరుగా కనిపిస్తుంది. అమ్జద్ రుబాయీల్లో ఎక్కువగా వినిపించేవి లోకం అశాశ్వతమన్న ఎరుక, దైవంపై భారం వేయడం. ఇవన్నీ వరద వల్లే పుట్టాయనడం తొందరపాటు. సూఫీ సంప్రదాయంలో ఆ భావాలు అంతకు ముందునుంచీ ఉన్నాయి. అయితే ఇంటిల్లిపాదినీ నీళ్లపాలు చేసుకున్న మనిషికి ఆ పాత మాటలు ఎలా ఆసరా అయ్యాయని మనం అడగవచ్చు. మృతుల లెక్కకు, తేదీలకు ప్రభుత్వ పత్రాలు చూడాలి. మిగిలినవారు ఏ నమ్మకంతో బతికారో తెలుసుకోవడానికి కవితలు చదవాలి.

నేను ఉంటున్న జల్‌పల్లిలో ఈ పాఠం పాతబడలేదు. 2020 అక్టోబరు వానలకు ఇక్కడి ఉస్మాన్‌నగర్‌లో ఇళ్లు నెలల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. నష్టపరిహారం కాగితాలు ఎక్కడో భద్రంగానే ఉంటాయి. ఆ ఇళ్లవాళ్ల మాటలను ఎవరైనా రాసిపెట్టకపోతే వారితోనే పోతాయి.

అభ్యాసం: మీ ఊళ్లో వరదనో కరువునో చూసిన ఒక పెద్దమనిషితో మాట్లాడండి. వారు చెప్పినదాన్ని వారి మాటల్లోనే ఒక పుటలో రాయండి. అందులో పత్రాలతో సరిచూడవలసినవి ఏవో, వారి నోట మాత్రమే తెలిసేవి ఏవో వేరుచేసి చూపండి.