గుర్రం మీది చూపు

విన్‌స్టన్ చర్చిల్ 1930లో ప్రచురించిన ఆత్మకథ 'మై ఎర్లీ లైఫ్'ను మంచి వచనానికి నమూనాగా చదువుతుంటాం. చదవవలసిందే. నేను రెండుసార్లు చదివాను. రెండోసారి మా సూర్యాపేట గుర్తొచ్చి ఒకచోట ఆగిపోయాను.

1895లో నాలుగవ హుస్సార్ల అశ్వికదళంలో అధికారిగా చేరిన చర్చిల్ మరుసటేడు బెంగుళూరు కంటోన్మెంటుకు వచ్చాడు. పొద్దున కవాతు, సాయంత్రం పోలో, మధ్యాహ్నపుటెండలో గిబ్బన్, మెకాలే. వచ్చిన కొద్ది వారాలకే ఆ జట్టు హైదరాబాదులో గోల్కొండ బ్రిగేడును తొమ్మిది గోల్సుకు మూడుగా ఓడించింది. ఆ ఘట్టం ఎంత హుషారుగా రాశాడంటే గిట్టల చప్పుడు వినిపిస్తుంది. అతని బెంగుళూరు బతుకులో సైసు వస్తాడు, బట్టలు తొడిగే కుర్రాడు వస్తాడు. మనుషులుగా మాత్రం రారు. ఆ మైదానానికి ఎనభై మైళ్ళ దూరాన గడీలకు వెట్టి చేస్తున్న పల్లెల ఊసు అసలే రాదు.

1898లో ఆమ్‌డుర్మాన్‌లో లాన్సర్లతో కలిసి గుర్రం ఉరికించాడు. 1899లో సైన్యం వదిలాడు. బోయర్ల చెరనుంచి తప్పించుకున్న కథ ఓట్లకు పెట్టుబడి అయింది; 1900లో ఓల్డ్‌హామ్ నుంచి పార్లమెంటుకెళ్ళాడు.

గుర్రం దిగాడు గాని చూపు దిగలేదు. 1948 జూలైలో, ప్రతిపక్ష నాయకుడిగా, హైదరాబాదుకిచ్చిన మాట బ్రిటన్ నిలబెట్టుకోవాలని కామన్స్ సభలో వాదించాడు. ఆ వాదనలో సంస్థానం ఉంది, ఒప్పందాలున్నాయి. 1946 జూలై 4న కడవెండిలో తుపాకి గుండుకు ఒరిగిన దొడ్డి కొమరయ్య లేడు. సెప్టెంబరు 13న భారతసైన్యం బెజవాడ రోడ్డున కోదాడకు వచ్చింది. సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను నిజాం బలగాలు కూల్చినా ఆగలేదు. నిజాం లొంగాక ఆ తుపాకులు రైతుల మీదికే తిరిగాయి.

ఆయుధం పట్టి, తర్వాత పార్లమెంటుకెళ్ళినవాడు మాకూ ఉన్నారు. సూర్యాపేట తాలూకా కరివిరాలలో భూస్వామి ఇంట పుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డి సొంతవర్గం మీదికే దళాలు నడిపారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. మిర్యాలగూడ ప్రజలు ఆయన్ను 1971లో, 1984లో, 1991లో లోక్‌సభకు పంపారు. 2008లో ఆయన పోయారు. 2009 ఎన్నికలనాటికి ఆ నియోజకవర్గమూ పోయింది.

ఇద్దర్నీ తూచడం నా పని కాదు. నన్ను కలవరపెట్టేది మన చదువు. చర్చిల్‌ను వచనంగా చదువుతాం, సాక్ష్యంగా నిలదీయం. మనవాళ్ళవి సాక్ష్యాలుగా దాచుకుంటాం, వచనంగా చదవం. అతనికి 1953లో సాహిత్యానికి నోబెల్ ఇచ్చారు. నరసింహారెడ్డి చెల్లెలు మల్లు స్వరాజ్యం చెప్పగా రాసుకున్న 'నా మాటే తుపాకీ తూటా' 2019లో వచ్చింది. మాట ఎక్కడ విరుగుతుంది, ఎక్కడ ఉరుకుతుంది, ఏ యాసలో కోపం నవ్వవుతుంది అని చూడాల్సిన పుస్తకం. మొదటిసారి నేను కూడా దాన్ని తేదీల కోసమే తిరగేశాను.