తంత్రీవాద్య నిర్మాణము: కర్తయు, పోషకుడును



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారమగు మనము సంగీత నాటకములయందలి యభిరుచిలో నెవ్వరికిని తీసిపోము. బాపట్లలో 1902వ సంవత్సరమున జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి నాటకరంగమున స్త్రీపాత్రలు ధరించి యాంధ్రదేశమునెల్ల నలరించిరి. వారి పేరు నేటికిని మన పెద్దల నోట నిలిచియున్నది. పాడినవారిని, ఆడినవారిని, ఆడించినవారిని మనము మఱువలేదు. వారి ప్రక్కన మ్రోగిన వాద్యమును చేసినవాడెవ్వడని యడిగినచో మాత్రము బదులు చెప్పువారుండరు. ఉలి పట్టిన వంశములలో బుట్టిన మనకు ఈ మఱపు సిగ్గుచేటు గనుక, దీనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయబూనితిమి.

ఈ మఱపు నేటిది గాదు. రేపల్లెకు సమీపముననున్న భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండరు రీ అను దొర త్రవ్వించినపుడు రాతి భరిణెలును, వానిలో స్ఫటికపు పేటికలును బయల్పడెను. క్రీస్తునకు పూర్వపువగు ఆ భరిణెలపై చెక్కిన శాసనములలో కుబేరక రాజు పేరును, నిగమసభ్యుల పేర్లును, దానమొనర్చిన కుటుంబముల వారి పేర్లును చదువనగుచున్నవి. కఠినమగు స్ఫటికమును పగులకుండ తొలిచిన పనివాని పేరు మాత్రము మనకందలేదు. ఇచ్చినవాని పేరు నిలిచినది. చేసినవాని పని నిలిచినది. ఇరువురును కలిసినగాని ఆ భరిణె లేదు గదా!

వాద్యముల కథయు నిట్టిదే. కృష్ణాతీరపు అమరావతి, నాగార్జునకొండ శిల్పములలో విల్లువలె వంగిన వీణయు, బుఱ్ఱకు దండిని చేర్చిన వాద్యమును రెండును కానవచ్చుచున్నవి. తరువాతి కాలమున తంజావూరు నేలిన తెలుగు కవిరాజు రఘునాథనాయకుడు (పరిపాలనము 1600–1634) వీణకు ఇరువదినాలుగు మెట్లను స్థిరముగ నమర్చెనని ప్రసిద్ధి. అందువలన ఆ వీణను రఘునాథమేళమనియు వ్యవహరించిరి. తలంపు రాజుది కావచ్చును. మొదటి మెట్టును మైనములో కూర్చిన చేయి ఎవ్వరిది?

మన తెలుగునాట వీణానిర్మాణమునకు పేరెన్నికగన్నవి నూజివీడును, బొబ్బిలియును. బొబ్బిలి చేరువనున్న గొల్లపల్లి గ్రామమున సర్వసిద్ధి యింటిపేరుగల కుటుంబములవారు తరతరములుగ నీ పనిలో నున్నారు. బొబ్బిలి సంస్థాన స్థాపకుడగు పెదరాయుని కాలమునుండియు నచట వీణకు ఆదరము కలదని స్థానికులు చెప్పుకొందురు. వారి ప్రత్యేకత ఏకాండివీణ. అనగా కుండ, దండి, యాళిముఖము మూడును ఒకే పనసమ్రానునుండి తొలిచి తీసినవి. అతుకు లేనందున నాదము ఒక కొననుండి మఱియొక కొనకు తెగక పాఱునని వారి విశ్వాసము. ఈ బొబ్బిలి వీణకు 1999వ సంవత్సరపు చట్టముననుసరించి భౌగోళిక గుర్తింపు లభించినది.

పనసయే యేల? అది తేలిక, చేవదేఱిన పనసకు పురుగు సులభముగ పట్టదు, మ్రోగుగుణము మెండు. అయిన పచ్చిమ్రాను పనికిరాదు. తడి పూర్తిగ నాఱవలెను. లేనిచో దండి వంగి, కుండ బీటవాఱును. కుండను లోన తొలుచునపుడు గోడ దళసరియైనచో నాదము మూగవోవును. పలుచనైనచో బలము చాలదు. ఎంతవఱకు తొలువవలెనో చేతివ్రేలితో తట్టి, చెవితో విని నిర్ణయింపవలసినదే. పిమ్మట కుండపై పలక కప్పి, గుఱ్ఱము నిలిపి, బిరడలు బిగించి, నాలుగు వాయించు తంత్రులను, ప్రక్కన మూడు తాళపు తంత్రులను కట్టుదురు. కడపట మసి కలిపిన మైనములో ఇత్తడి మెట్లను ఒక్కొక్కటిగ స్వరము చూచుచు కూర్తురు. దీనినే మేళము కట్టుట యందురు. ఈ పనికి చూపుకంటె చెవి ముఖ్యము.

ఇందు మన పంచవృత్తులును కలిసియుండుట గమనింపుడు. వడ్రంగి మ్రాను తొలుచును. కంచరి మెట్లకు లోహము సమకూర్చును. కమ్మరి ఉలికి పదును కూర్చును. శిల్పి యాళిముఖము తీర్చును. స్వర్ణకారుడు వెండిరేకు తాపడము చేయును. ఒక్క వీణలో ఐదు చేతుల విద్య యిమిడియున్నది.

కోరి చేయించుకొనిన వాద్యమునకును, అంగడిలో దొరకిన వాద్యమునకును భేదము కలదు. చేయించుకొనువాడు తన చేతి పొడవును, కూర్చుండు తీరును, వలసిన శ్రుతిని చెప్పును. తన యిలువేల్పు రూపమునో, తండ్రి పేరునో చెక్కుమనును. పనివాడు వినును, అన్నిటికిని తలయూపడు. యాళిముఖము మీదను, అంచులమీదను ఎంత చెక్కినను దోసములేదు. నాదమిచ్చు పలకపై అలంకారము మితిమీఱినచో గొంతు నొక్కినట్లగును. కోరువానికి ప్రేమ, చేయువానికి నిగ్రహము ఉన్నపుడే మంచి వాద్యము పుట్టును.

పశ్చిమదేశముల గిటారు కథ యిచ్చట తలపవలసియున్నది. నేటి గిటారునకు రూపుదిద్దినవాడు స్పెయిను దేశమున అల్మేరియా వాడగు ఆంటోనియో దె టోరెస్ (1817–1892). నాదమునకు మూలము పైపలకయే యని నిరూపించుటకై అతడు 1862లో ప్రక్కలును వీపును అట్టతో చేసి, పైపలక మాత్రము కఱ్ఱతో నమర్చి యొక గిటారు చేసెను. ఇక వయొలిను కర్తలలో మేటియగు క్రెమోనా నగరపు స్ట్రాడివరి (మరణము 1737) తన పేరును, ఊరును, సంవత్సరమును వ్రాసిన చీటిని వాద్యములోపల అంటించెడివాడు. అందుచేతనే నేడు ఆ వాద్యము వాయించువాని పేరుతోబాటు చేసినవాని పేరునను పిలువబడుచున్నది. మన వీణ ఊరి పేరున పిలువబడును. చేసినవాని పేరున పిలువబడుట అరుదు. నేర్పులో మనము తక్కువయా? కాదు, చీటి అంటించుకొనలేదు, అంతియే.

మ్రాను విషయమునను వారికిని మనకును సంబంధము కలదు. అమెరికాలోని మార్టిన్ కంపెనీవారు గిటారుల వీపునకును ప్రక్కలకును వాడుచుండిన బ్రెజిలు కఱ్ఱ దొరకుట కష్టమైనందున, 1969లో మన దేశపు ఇరుగుడు కఱ్ఱకు మరలిరి. ఈ జాతి వృక్షములు క్షీణించుచున్నవని 2017నుండి అంతర్జాతీయ వర్తకమునకు నిబంధనలు విధింపబడినవి; పూర్తియైన వాద్యములకు 2019లో సడలింపు కలిగినది. కావున చెట్టు పెంచనివానికి వాద్యమును కోరు హక్కు లేదని మా యభిప్రాయము.

వాయించువాని కోరికనుబట్టి వాద్యము మాఱుటకు మన గోదావరి సీమయే సాక్ష్యమిచ్చుచున్నది. పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) జంటతీగెల మాండొలినును విడిచి, ఐదు ఒంటితీగెల విద్యుత్ మాండొలినుపై గమకములు పలికించి కర్ణాటక సంగీతమున దానికి స్థానము కల్పించెను. ఈమని శంకరశాస్త్రి (1922–1987), చిట్టిబాబు (1936–1996) గార్ల వీణానాదమును విననివారు మనలో నరుదు. ఆ నాదమున సగము వారి వ్రేళ్లది. తక్కిన సగము పేరులేని ఉలిది.

నేడు వీణ వాయించువారు తగ్గుచున్నారు. గొల్లపల్లిలో సభలయందు బహూకరించుటకు చిన్న బొమ్మవీణలును చేయబడుచున్నవి. అది పొట్టకూటికి మంచిదే. కాని బొమ్మవీణకు మేళము కట్టు చెవి యక్కఱలేదు. వాడని విద్య ఒక తరములో తుప్పుపట్టును.

కావున మా మనవి యిది. పోషకులారా, మీ యింటి బిడ్డకు వాద్యము కావలసినపుడు అంగడికి పోవుటకు ముందు పనివానివద్దకు పొండు. కఱ్ఱ ఆఱుటకు వలయు కాలమును, బయానాను ముందుగ నిండు. మీ పేరు చెక్కించుకొనుడు; దాని ప్రక్కన చేసినవాని పేరును చెక్కింపుడు. సోదరులారా, పెరటిలో నొక పనసమొక్కను నాటుడు. బడికిపోవు పిల్లవానిచేత సెలవుదినములలో నొకమారు ఉలి పట్టింపుడు. మీ యింట గోడకు వ్రేలాడు పాత వీణ యున్నచో దించి, దానిని చేసినవారెవ్వరో పెద్దల నడిగి, యిప్పుడే వ్రాసియుంచుడు. చెప్పగలవారు నేడున్నారు, ఱేపుందురన్న నమ్మకము లేదు.

భట్టిప్రోలు భరిణె చేసినవాని పేరు పోయినది. అది మన చేత కాలేదు. ఇకముందు పేరు పోయినచో, ఆ లోపము మనదే యగును.