దేవదాసీ మాన్యముల కథ

1921వ సంవత్సరము ఏప్రిల్ నెలలో గాంధీ మహాత్ముడు కాకినాడకు వచ్చినపుడు, పన్నెండేండ్లయినను నిండని ఒక బాలిక, ఆయన ఊరిలోని దేవదాసీలతోను, ఘోషాలోనుండు ముస్లిము స్త్రీలతోను ప్రత్యేకముగా మాటాడవలెనని పట్టుపట్టినది. అయిదువేల రూపాయల నిధిని సమర్పింపగలిగినచో చూతమని పెద్దలు చెప్పిరి. ఆ సొమ్మును దేవదాసీలే కూర్చియిచ్చిరి. సభ జరిగినది. గాంధీజీ మాటలు విన్న పిదప ఆ స్త్రీలు చేతి గాజులు, మెడలోని గొలుసులు తీసి ఆయన ముందుంచిరి. ఆ బాలికయే తరువాతి కాలమున దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా దేశమెరిగిన వ్యక్తి. తన స్వీయచరిత్రలో ఆమె ఈ సంగతి వ్రాసికొన్నది.

ఈ ఉదంతమును చదివినపుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును. ఆ సభలో కూర్చున్న స్త్రీలలో ఎవరైనను తన వృత్తిని ఆనాడే విడిచిపెట్టవలెనని నిశ్చయించుకొన్నదనుకొందము. మరునాటి ఉదయము ఆమె ఎక్కడికి పోవలెను? ఏమి తినవలెను?

దేవదాసీ ఆచారమును గూర్చి మనవారు వ్రాసినదంతయు నీతిని గూర్చియో, కళను గూర్చియో వ్రాసినదే. మాన్యమును గూర్చి వ్రాసినవారు తక్కువ. దక్షిణదేశపు ఆలయములలో అర్చకునకు, నాదస్వరము వాయించువానికి, తోటమాలికి మాన్యములున్నట్లే, నాట్యగానములు సలుపు స్త్రీకిని మాన్యముండెడిది. ఆ భూమి ఆమె సొత్తు కాదు, ఆమె సేవకు ముడిపెట్టిన భూమి. సేవ సాగినంత కాలమే అనుభవము. ఆమె ముసలిదై ఆడలేని దశకు వచ్చినచో, ఇంటిలో మరియొక పిల్ల గజ్జె కట్టి దేవునికి అంకితము కావలెను. లేనిచో పొలము పోవును, పొలముతో ఇల్లును పోవును. కన్నకూతురు లేని తల్లి ఏమి చేయును? ఒక పిల్లను దత్తు తెచ్చుకొనును.

దత్తత అను ఈ మాట చాటుననే వ్యాపారము జరిగెడిది. కరవు కాలములలో తిండి పెట్టలేని తలిదండ్రులు కొద్దిపాటి సొమ్మునకు ఆడపిల్లల నప్పగించెడివారు. మధ్యవర్తులు కొని తెచ్చెడివారు. పిల్ల వయస్సు ఆరో, ఏడో. ఆమె అంగీకారమును అడిగిన వారెవరు? అమ్మిన తండ్రికి అది పూటకూలి, కొన్న ఇంటికి అది పొలము నిలుపుకొను ఉపాయము. అమ్ముడువోయిన ఆ పసిపిల్లయే ముప్పదియేండ్లు గడచిన పిదప, తన పొలము నిలుపుకొనుటకు మరియొక పసిపిల్లను కొనవలసి వచ్చుట ఈ ఏర్పాటులోని ఘోరము.

న్యాయస్థానములకు ఈ సంగతి తెలియక కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 372, 373 విధులు మైనరు పిల్లలను వ్యభిచారము నిమిత్తము అమ్ముటను, కొనుటను నేరములుగా నిర్ణయించినవి. 1924లో రక్షణ వయస్సును పదునెనిమిది యేండ్లకు పెంచిరి. అయినను, కొన్నది అక్రమోద్దేశముతోనే యని ఋజువు చేయుట యెట్లు? అది దత్తత యని చెప్పెడివారు, దైవకార్యమని చెప్పెడివారు. దేవదాసీలు ఆడపిల్లను దత్తు తీసికొనుట చెల్లునని మదరాసు హైకోర్టు ఆచారమును బట్టి అంగీకరించినది. బొంబాయి హైకోర్టు అంగీకరింపలేదు. ఒకే దేశమున, ఒకే ప్రభుత్వము క్రింద ఇట్టి భేదము!

మన ఆంధ్రదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారును, రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును భోగముమేళములకు వ్యతిరేకముగా గొప్ప ఉద్యమము నడపిరి. పెండ్లిలో మేళము పెట్టనివాడు మర్యాదస్థుడు కాడను కాలమది. ఆ మర్యాద యేపాటిదో నిలదీసి యడిగిన ధైర్యము వారిది. వారి యెడల మాకు గౌరవము మెండు. కాని ఆ ఉద్యమపు దృష్టి పెద్దమనిషి శీలము మీదనే యుండినది. మేళము మానిన పిదప ఆ మేళగత్తె యింటిలో పొయ్యి ఎట్లు రాజును అను విచారము అందులో తక్కువ. ఆ విచారము చేసినది ఆ కులముననే పుట్టిన యామినీ పూర్ణతిలకము. ఆమె మదరాసులో యువతీ శరణాలయము స్థాపించి, వృత్తిని విడిచి వచ్చిన స్త్రీలకు చోటు చూపినది. ఆమె పేరు నేడెందరికి తెలియును?

ఇక డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి. 1886లో పుదుక్కోటలో జన్మించిన ఈమె తల్లి దేవదాసీ కుటుంబమునకు చెందినది. 1912లో మదరాసు వైద్యకళాశాలనుండి పట్టము పొంది, తరువాత మదరాసు శాసనమండలిలో సభ్యురాలై, ఉపాధ్యక్షురాలయినది. 1927లో దేవదాసీ అంకితమును మాన్పవలెనని ఆమె మండలిలో తీర్మానము ప్రవేశపెట్టగా దేశమున కలకలము పుట్టినది. అభ్యంతరము చెప్పినవారు సనాతనులు మాత్రమే కారు. దేవదాసీలే సంఘముగా నేర్పడి ప్రభుత్వమునకు విజ్ఞాపనములు పంపిరి. అందు ప్రముఖురాలు బెంగుళూరు నాగరత్నమ్మ. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిని ఉద్ధరించిన విదుషీమణియే ఆమె. మమ్మందరిని ఒక్క త్రాటను గట్టి వేశ్యలనుట అన్యాయమనియు, మా విద్యయు మా ఆస్తియు ఏమి కావలెననియు వారు ప్రశ్నించిరి. వారిది స్వార్థమని కొట్టివేయుట తేలిక. మేమట్లు కొట్టివేయజాలము. ఆస్తిని గూర్చిన వారి ప్రశ్న న్యాయమయిన ప్రశ్న.

దానికి సమాధానము దొరికిన విధమే ఈ కథలో ముఖ్యఘట్టము. ముత్తులక్ష్మీరెడ్డి మొట్టమొదట సాధించినది నిషేధశాసనము కాదు. 1929లో హిందూ ధర్మాదాయ శాసనమునకు ఒక సవరణ జరిగినది. దాని ప్రకారము మాన్యభూమికి సేవతోనున్న ముడి తెగిపోయినది. ప్రభుత్వము భూమిపై కొంత కట్టుబడి నిర్ణయించును, ఆ కట్టుబడి ఆలయమునకు చెల్లును, భూమి మాత్రము ఆ స్త్రీకే దక్కును. ఆడవలసిన పని లేదు. కూతురికి గజ్జె కట్టవలసిన పని లేదు. పిల్లను కొనవలసిన పని అసలే లేదు. చూచుటకిది భూమిశిస్తు వ్యవహారము. తాలూకా కచేరీలోని కాగితముల సంగతి. కాని ఒక తల్లి తన కూతురిని బడికి పంపవలెనన్నచో అడ్డమేమియు లేకుండ చేసినది ఈ కాగితమే యని మా తలంపు.

భూమి కలవారి మాట ఇది. భూమి లేని పిల్లల మాట యేమి? 1930లో కొందరు దేవదాసీ బాలికలు ఆశ్రయము కోరి ముత్తులక్ష్మీరెడ్డి కడకు వచ్చిరి. నగరములోని వసతిగృహములు వారిని చేర్చుకొనుటకు నిరాకరించినవి. కులవృత్తిని విడిచి రమ్మని సభలలో పిలిచిన సంఘము, వచ్చిన పిల్లలకు మంచమంత చోటు ఈయలేదు! ఆమె తన యింటనే వారిని ఉంచుకొన్నది. అడయారులోని అవ్వై ఇల్లము అట్లు మొదలయినది. అక్కడ బాలికలకు చదువు చెప్పించి, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా తమ కాళ్లపై తాము నిలుచునట్లు తీర్చిదిద్దిరి. ఆ యేటనే, గాంధీజీ నిర్బంధమునకు నిరసనగా, ఆమె శాసనమండలి సభ్యత్వమును వదలుకొన్నది.

అంకితమును పూర్తిగా నిషేధించిన మదరాసు శాసనము 1947లో వచ్చినది. అంకితమయిన స్త్రీకి వివాహమాడు హక్కు కలదని ఆ శాసనము స్పష్టపరచినది. అయితే అది నిజాము సంస్థానములోని తెలంగాణమునకు వర్తింపలేదు. తెలంగాణములోని జోగినులకును, రాయలసీమలోని బసివులకును మాన్యములేవి? వారిలో అత్యధికులు దళితకుటుంబములలోని పిల్లలు. ఆలయమునందు కచేరీ లేదు, సన్మానము లేదు. దేవత పేరు చెప్పి పిల్లను ఊరికి వదలుట మాత్రమే కలదు. 1929 నాటి సవరణ వలన వారికి ఒక సెంటు నేల రాలేదు.

1950 నాటి మన రాజ్యాంగము 23వ అధికరణము మనుష్యుల క్రయవిక్రయమును నిషేధించినది. 1956లో అవినీతి వ్యాపార నిరోధశాసనము వచ్చి, 1958 మే 1వ తేదీన అమలులోనికి వచ్చినది. రక్షణగృహములకు ఆ శాసనము ఏర్పాటు చేసినది. ఉద్దేశము మంచిదే. కాని న్యాయాధికారి ఉత్తర్వుపై పంపబడిన స్త్రీ తన యిష్టము వచ్చినపుడు అందుండి వెలుపలికి రాజాలదు. అవ్వై ఇల్లమునకు పిల్లలు తామై వచ్చిరి. ఇచ్చట పోలీసులు తెచ్చి విడుతురు. రెండింటిని గృహములనియే వ్యవహరించుట మాకు రుచింపదు.

జోగినుల వంతు చాల ఆలస్యముగా వచ్చినది. నిజామాబాదు మండలము వర్నిలో హేమలతా లవణంగారు వారికై చెల్లి నిలయమును నెలకొల్పినది 1980వ దశకముననే. ఆమె మహాకవి జాషువ కుమార్తె. జోగినీ ఆచారమును సైతము నిషేధించుచు ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టము చేసినది 1988లో. కాకినాడ సభకును దీనికిని నడుమ అరువదియేడు సంవత్సరములు. అప్పటికి జోగినులయి యున్నవారు తమకు ఇల్లు, పొలము, పిల్లల చదువు కావలెనని కోరిరి. బడిలో చేర్చునపుడు తండ్రి పేరు చెప్పుమని ఆ పిల్లలను అడుగుట మానవలెననియు కోరిరి.