హింస కొలత: ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా

ఒక ప్రాంతంలో హింస పెరిగిందా, తగ్గిందా అన్నదానికి చాలాకాలం పోలీసు కేసుల సంఖ్యే ఆధారం. ఫ్రాన్స్ 1827లోనే దేశవ్యాప్త నేర గణాంకాలు అచ్చువేసింది. మన దేశంలో ‘క్రైమ్ ఇన్ ఇండియా’ నివేదిక 1953తో మొదలైంది. తర్వాత ఆ పని 1986లో ఏర్పడిన జాతీయ నేర గణాంక సంస్థ చేతికి వచ్చింది. కానీ ఈ పుస్తకాలకు ఎక్కేది స్టేషన్ గడప దాటిన హింస మాత్రమే. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో అత్యాచారం, హత్య రెండూ ఉంటే హత్య కిందే లెక్కిస్తారు. కాగ్నిజబుల్ (వారంట్ లేకుండా అరెస్టు చేయగల) నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. అందుకే కేసులు పెరిగితే హింస పెరిగిందనుకోవడం తొందరపాటు. ఫిర్యాదు చేసే ధైర్యం పెరిగినా అంకె పెరుగుతుంది.

శవాన్ని దాచడం కష్టం కాబట్టి హత్యల లెక్కే నమ్మదగినదని పరిశోధకులు వాదిస్తారు. శతాబ్దాల పోలికకు అది నిజమే. చిన్న ప్రాంతానికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. 2022 మార్చిలో ఇబ్రహీంపట్నం దగ్గరి కర్ణంగూడలో ఇద్దరు రియల్ ఎస్టేట్ వ్యాపారులను కాల్చి చంపారు. భూతగాదానే కారణమన్నారు పోలీసులు. ఒక్క స్టేషన్ పరిధిలో ఇలాంటి ఒక్క ఘటన చాలు, ఆ ఏడాది రేటు తలకిందులవుతుంది. భూమి కోసం సాగే బెదిరింపులు మాత్రం అందులో కనిపించవు. పైగా హద్దులే నిలకడగా లేవు: 2016లో రంగారెడ్డి జిల్లా మూడు ముక్కలైంది, సైబరాబాద్ నుంచి రాచకొండ కమిషనరేట్ విడిపోయింది. పాత అంకెల పక్కన కొత్త అంకెలు పెట్టి పోల్చడం సరికాదు.

ఇంట్లో జరిగే హింసను ఇంటికి వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన 18–49 ఏళ్ల మహిళల్లో 36.9 శాతం మంది భర్త చేతిలో హింస చవిచూశారు. దేశ సగటు 29.3. శారీరక, లైంగిక హింసకు గురైనవారిలో ఎవరినైనా సాయం అడిగినవారు దేశం మొత్తం మీద 14 శాతమే. సర్వేలో చెప్పేది జ్ఞాపకమే, అది పొరబడవచ్చు అంటారు. నిజమే, కానీ ఆ పొరపాటు ఎటు మొగ్గుతుందో చూడాలి. ఇంటికొక్క మహిళనే, ఒంటరిగా ఉన్నప్పుడే అడిగినా భయం పోదు. తెలంగాణలో 83.8 శాతం మహిళలు భార్యను కొట్టడానికి ఏదో ఒక కారణాన్ని సమర్థించారు. దెబ్బను మామూలే అనుకునేవారు దాన్ని తక్కువ చేసే చెబుతారు. కాబట్టి అసలు హింస ఆ 36.9 శాతానికి పైనే ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఈ ప్రశ్నలు రాష్ట్ర అంచనాకు సరిపడే కొద్ది ఇళ్లలోనే అడిగారు. జిల్లా పట్టికల్లో భర్త హింస వరుసే లేదు. ఇబ్రహీంపట్నం విషయంలో ఇప్పటికీ స్టేషన్ లెక్కే దిక్కు.