విడిరాళ్ల లెక్క: ఓరుగల్లు గుళ్లూ, తెరమీది బొమ్మ ఇటుకలూ

ఓరుగల్లు సీమలో కాకతీయులూ వారి సామంతులూ కట్టించిన పెద్ద గుళ్లు ఎల్లోరాలోని కైలాసాలయంలా ఒకే కొండను పైనుంచి కిందికి తొలిచి తీసినవి కావు. గనిలో విరిచిన రాళ్లను వేరువేరుగా చెక్కి, ఒకదాని అడుగున మొలకలా వదిలిన ముక్క మరొకదాని తలమీది గుంటలో కుదురుగా కూర్చునేలా పొందించి, సున్నపు అతుకు మీద ఆధారపడకుండా, చాలావరకు రాళ్ల సొంత బరువుతోనే నిలబెట్టిన కూర్పులు. దూరం నుంచి చూసేవారికి ఒక్కటిగా కనిపించే స్తంభం నిజానికి అడుగున పీఠం, నడుమ కాండం, పైన తలకట్టు, దాని మీద దూలపు బరువును చేతులు చాచి అందుకునే బోదె అనే విడిరాళ్ల దొంతర. అందువల్ల ఈ గుళ్ల చరిత్ర రాజులతో, శాసనాలతో, శిల్పాలతో తీరిపోయేది కాదు. రాళ్లను లెక్కపెట్టడం, ఏ రాయి ఎక్కడిదో గుర్తుంచుకోవడం, వరుస తప్పకుండా కూర్చడం అనే పనితనానికి కూడా అందులో ఒక అధ్యాయం ఉండాలి, ఇంతవరకు ఆ అధ్యాయానికి దక్కిన చోటు తక్కువ. ఒకదానిలో ఒకటి బిగుసుకునే చిన్న ప్లాస్టిక్ ముక్కలతో, అంటే బొమ్మ ఇటుకలతో, పెద్ద పెద్ద నమూనాలు కట్టేవారు ఈనాడు కంప్యూటర్ తెరమీద ముందుగా చేసుకునే రూపకల్పన ఈ పనితనానికి దూరపు చుట్టమే గనుక, ఆ కొత్త విద్య వెలుగులో ఈ పాత విద్యను చూస్తే మామూలు చూపుకు అందని సంగతులు కొన్ని బయటపడతాయి.

దక్షిణాది వాస్తుగ్రంథాల్లో పేరెన్నికగన్న మయమతం కట్టడపు పనివారిని నాలుగు తెగలుగా చెబుతుంది. మొత్తం పనికి పెద్ద స్థపతి; కొలతాడు పట్టి ప్రమాణాలు నిర్ణయించేవాడు సూత్రగ్రాహి; రాతినీ కొయ్యనూ కోసి చెక్కేవాడు తక్షకుడు; చెక్కిన భాగాలను తెచ్చి పొందించి కట్టడాన్ని పెంచేవాడు వర్ధకి. ఈ విభజనలో గమనించదగ్గది చెక్కడం ఒకరి పని, కూర్చడం మరొకరి పని కావడం. రెండు చేతుల మధ్య పొరపాటు రాకుండా చూసే బాధ్యత సూత్రగ్రాహిది. అతని కొలత ఒక వేలు తప్పితే కింద చెక్కిన రాయి పైన కుదరదు, అప్పటికే పైకెక్కిన దూలాన్ని దించి మళ్లీ చెక్కడమంటే మాటలు కాదు. గుడి విమానం, అంటే గర్భగుడి మీద లేచే శిఖరభాగం, కూడా ఇదే ఆలోచనతో పుట్టింది. చదరపు అడుగుతో గుమ్మటంలాంటి కప్పున్న చిన్న గుడి బొమ్మను కూటమనీ, కోలగా సాగి బండికప్పు వంటి కప్పున్న దానిని శాల అనీ, సన్నగా గూడులా ఉన్నదానిని పంజరమనీ వాస్తుకారులు పిలిచారు; అంతస్తు అంతస్తుకూ ఈ మూడు రకాల బొమ్మగుళ్లను వరుసలుగా అమర్చడం ద్వారా పెద్ద గుడి ఏర్పడుతుంది. చిన్న గుళ్లను కూర్చి పెద్ద గుడిని కట్టడం, పరిమితమైన రకాల ముక్కలతో అపరిమితమైన రూపాలు తీయడం దక్కను శిల్పులకు కళ్యాణి చాళుక్యుల నాటికే బాగా అలవాటైన విద్య, కాకతీయులు దాని వారసులు.

హనుమకొండలోని వేయిస్తంభాల గుడి కాకతి రుద్రదేవుని కట్టడం. చాళుక్యుల ఏలుబడి నుంచి విడివడి తాను స్వతంత్రుడనైన సంగతిని అతడు చాటుకున్న 1163 నాటి శాసనం ఆ గుడిలోనే ఉంది. రుద్రేశ్వరునికి, వాసుదేవునికి, సూర్యునికి మూడు గర్భగుళ్లు ఒకే రంగమండపాన్ని పంచుకునే ఈ పద్ధతిని త్రికూటమంటారు. దానికి ఎదురుగా, నడుమ నందిని పెట్టి, విడిగా కట్టిన కల్యాణమండపం మరొకటి ఉంది. అరవై కిలోమీటర్లకు పైబడిన దూరంలో, నేటి ములుగు జిల్లా పాలంపేటలో, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రుద్రేశ్వరాలయాన్ని లోకం రామప్ప గుడి అని పిలుస్తుంది. కట్టించినవాని పేరు వెనక్కి పోయి శిల్పిదని చెప్పుకునే పేరు నిలిచిన కట్టడాలు మన దేశంలో ఎన్నో లేవు. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ గుడిలో స్తంభాలు, దూలాలు రాతివి కాగా, విమానాన్ని మాత్రం ఇటుకతో కట్టారు. ఆ ఇటుక లోపలంతా సన్నని బెజ్జాలతో, అదే కొలత మామూలు ఇటుక కన్నా ఎంతో తేలికగా ఉండి నీటి మీద తేలుతుంది. కింది గోడల మీదా పునాది మీదా బరువు తగ్గించడం కోసమే స్థపతి పైభాగానికి ఈ ముక్కను ఎంచుకున్నాడని ఇంజనీర్లు అంటారు. ఏ చోట ఏ పదార్థపు ముక్క వాడాలన్న ఈ నిర్ణయమే ఆ గుడి ప్రజ్ఞలో సగమని చెప్పవచ్చు, మదనికలనే స్త్రీ శిల్పాల అందం మీద రాసినంతగా దీని మీద మనవారు రాయకపోయినా.

బొమ్మ ఇటుక కథ డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో మొదలవుతుంది. వడ్రంగి ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ 1932లో కొయ్యబొమ్మలతో ప్రారంభించిన పరిశ్రమ తరువాత లెగో అన్న పేరు తెచ్చుకుని, 1949లో ప్లాస్టిక్ ఇటుకలు పోయసాగింది. ఇటుక పైన బొడిపెలు, లోపల గొట్టాలు ఉండి రెండూ ఒకదానినొకటి గట్టిగా పట్టుకునే నేటి రూపానికి 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు పడింది. దీని బలం కొలతలో ఉంది. ఒక బొడిపె నడిమి నుంచి పక్క బొడిపె నడిమికి 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, పలుచని పలక ఎత్తు సరిగ్గా అందులో మూడోవంతు. ఐదు పలకల ఎత్తు రెండు బొడిపెల వెడల్పుకు సమానం గనుక ముక్కలను పక్కకు తిప్పి కూడా పొందించవచ్చు. రెండు వరుసల్లో నాలుగేసి బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరింటిని కలిపే తీరులు 91,51,03,765 అని గణితజ్ఞులు లెక్కగట్టారు. ఇన్ని దారులున్నప్పుడు వేల ముక్కల నమూనాను చేతితో తడుముకుంటూ కట్టడం కష్టం. 2008లో వచ్చిన తాజ్‌మహల్ నమూనాకు 5,922 ముక్కలు పట్టాయి.

ఈ కష్టానికి మొదటి విరుగుడు కంపెనీ నుంచి కాక ఒక అభిమాని నుంచి వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ జెస్సిమన్ 1990ల నడుమ ఎల్‌డ్రా అనే సాఫ్ట్‌వేర్‌ను రాశాడు. అందులో ప్రతి ముక్కకూ ఒక సంఖ్య, ఆ ముక్క తెరమీద ఏ స్థానంలో ఎటు తిరిగి ఉందో చెప్పే ఒక వాక్యం ఉంటాయి, అటువంటి వాక్యాల వరుసే నమూనా. జెస్సిమన్ 1997లో చిన్న వయసులోనే మరణించినా ఆ పద్ధతిని తోటివారు కొనసాగించారు. లెగో సంస్థ 2004లో సొంత సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసి, కొంతకాలానికి దానిని వదిలేసింది. 2019లో లెగో కొనుక్కున్న బ్రిక్‌లింక్ అనే సంస్థ వారి స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉంది. వీటిలో రూపకర్త తెరమీద ముక్కలు పేర్చుకుంటూ పోతే, మొత్తం ఎన్ని ముక్కలు కావాలో, అడిగిన రంగులో ఆ ముక్క అసలు దొరుకుతుందో లేదో, ఏ మెట్టులో ఏది పెట్టాలో సాఫ్ట్‌వేరే చెబుతుంది. మయమతం భాషలో చెప్పాలంటే, స్థపతి మనిషే, వర్ధకీ మనిషే, సూత్రగ్రాహి కొలువు మాత్రం యంత్రానికి దక్కింది.

రామప్ప గుడినే ఇలా కట్టాలనుకుంటే మొదటి చిక్కు నేలమట్టంలోనే ఎదురవుతుంది. గుడి నిలిచిన నక్షత్రాకారపు అరుగు ఎత్తు ఆరడుగులు, అంటే దాదాపు 1,830 మిల్లీమీటర్లు. నలభై ఎనిమిదో వంతుకు కుదిస్తే 38.1 మిల్లీమీటర్లు వస్తుంది, నాలుగు బొమ్మ ఇటుకల ఎత్తు 38.4. ఎత్తు ఇంత చక్కగా కుదిరినా, చదరపు గళ్ల మీద మాత్రమే కూర్చునే ముక్కలతో అరుగు అంచున ముందుకూ వెనక్కూ మెలికలు తిరిగే మూలలను రాబట్టాలంటే ఒక్కో మడతను ఒకటో రెండో బొడిపెలకు సరిపెట్టాలి, ఒకచోట సరిపెట్టిన తేడా పై అంతస్తు దాకా వెంటాడుతుంది. ఒక ప్రమాణాన్ని ఎంచుకుని, గుడి అంతటినీ దాని గుణిజాలుగా, భిన్నాలుగా విడగొట్టే పద్ధతి సూత్రగ్రాహికి ఎందుకు ప్రాణమైందో ఈ లెక్క చేతికి తగిలినప్పుడు బాగా బోధపడుతుంది. అన్నట్టు, బొమ్మ ఇటుక పోసే ప్లాస్టిక్ నీటికన్నా కాస్త బరువు గనుక గాలిబుడగ లేకుండా వదిలితే మునుగుతుంది. తేలే ఇటుకను మునిగే ఇటుకతో చూపించవలసి రావడం ఈ నమూనాకు తప్పని వింత.

అయితే తెరమీది గుడికి బరువు లేదు. ఆధారం లేని ముక్కను గాలిలో వదిలినా అది అక్కడే నిలుస్తుంది. పట్టు చాలని చోట్లను పట్టి చూపే సదుపాయం కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉన్నా, నేల కుంగుతుందా అన్న ప్రశ్న వాటికి తెలియదు. కాకతీయ స్థపతికి అసలు భయం నేలతోనే. వానకు ఉబ్బి ఎండకు బీటలువారే నేల మీద వేల మణుగుల రాయిని నిలపడానికి వారు లోతుగా తవ్విన గోతిని ఇసుకతో నింపి దట్టించి దాని మీద కట్టడం లేపారు. దీనిని ఇప్పుడు ఇసుకపెట్టె పునాది అంటున్నారు. చుట్టూ కట్టడితో బంధించిన ఇసుక బరువును అన్ని వైపులకూ సమంగా పంచుతుంది, కదలికను తనలో కొంత ఇముడ్చుకుంటుంది. ఇసుక జారిపోతే మాత్రం పైనున్న రాళ్లు ఒకవైపు ఒరుగుతాయి. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా పుట్టి 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారిన వరంగల్ కళాశాలలో పాఠాలు చెప్పిన ఆచార్యుడు ఎం. పాండురంగారావు ఈ పునాదుల రహస్యాన్ని ఇంజనీరు కంటితో చదివి చెప్పినవారిలో ముఖ్యుడు.

విడిరాళ్ల కట్టడానికి ఒక శాపం, ఒక వరం ఉన్నాయి: కూలదోయడం తేలిక, తిరిగి కూర్చడమూ సాధ్యమే. 1323లో తుగ్లక్ సేనలకు ఓరుగల్లు లొంగిన తరువాత పాడుబడ్డ స్వయంభూ దేవాలయపు స్తంభాలూ దూలాలూ కప్పురాళ్లూ నాలుగు కీర్తితోరణాల నడుమ నేటికీ ఆరుబయట పరచి ఉన్నాయి. ఏ రాయి దేని మీదిదో చెప్పే జాబితా లేని విడిభాగాల కుప్ప అది. పడిపోయిన కట్టడాన్ని దాని సొంత రాళ్లతోనే తిరిగి నిలపడాన్ని పురావస్తు శాస్త్రంలో అనస్టైలోసిస్ అంటారు, 1964 నాటి వెనిస్ ఒప్పందం శిథిలాల విషయంలో ఆ ఒక్క పద్ధతినే అనుమతించింది. దానికి ముందుమెట్టు కొలతలతో కూడిన పటాలు. హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖను 1914 నుంచి నడిపిన గులాం యజ్దానీ 1922లో పాలంపేట గుళ్ల మీద ప్రత్యేక గ్రంథం వెలువరించి ఆ పనికి ఇక్కడ దారి వేశాడు.

తెలుగునేల కట్టడాలను విప్పి తిరిగి కూర్చే ఈ విద్యను పెద్దయెత్తున నేర్చుకున్నది ఆనకట్టల వల్ల. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ కింద ఇక్ష్వాకుల విజయపురి మునగవలసి రాగా, తొమ్మిది కట్టడాలను కొండమీదికి మార్చి కట్టారు, పద్నాలుగింటి నమూనాలను నిలిపారు, మునిగిన లోయకు చిన్న నమూనా చేసి ప్రదర్శనశాలలో ఉంచారు. శ్రీశైలం జలాశయం కింద పోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి తరలింది. ఈజిప్టులో అబూ సింబెల్ గుళ్లను 1964, 1968 మధ్య వెయ్యికి పైగా ముక్కలుగా కోసి పైకి తరలించడం లోకమంతా ఎరిగిన కథ. అక్కడ కొండరాతిని కొత్తగా కోయవలసి వచ్చింది, ఇక్కడ శిల్పులు ముందే ముక్కలుగా పేర్చి పెట్టారు, అదే మనవారికి కలిసొచ్చిన సంగతి.

కలిసొచ్చినంత మాత్రాన పని సులువు కాలేదని హనుమకొండ కల్యాణమండపం చూపింది. పునాది కుంగి స్తంభాలు ఒరిగిన ఆ మండపాన్ని ఈ శతాబ్దపు తొలి దశకం నడుమ భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రాయి రాయిగా విప్పించింది. విప్పడంలో మొదట తీసేది చివర పెట్టినది, చివర తీసేది మొదట పెట్టినది. కాబట్టి ప్రతి రాతి మీదా దాని వరుస తెలిపే గుర్తు ఉండి తీరాలి, విరిగిన రాతికి బదులు చెక్కే కొత్త రాయి పాతదాని కొలతకూ పొందికకూ లొంగాలి, పునాదిలో ఇసుక తిరిగి కుదురుకోవాలి. తెరమీద ఒక్క మీట నొక్కితే చివరి పది మెట్లు వెనక్కి పోతాయి, రాతికి ఆ సౌలభ్యం లేదు. మూడు నాలుగేళ్లలో తిరిగి లేస్తుందని జనం ఆశపడ్డ మండపం నేల మీద పరచిన రాళ్లుగా ఏళ్ల తరబడి ఉండిపోయింది. గుడికి వచ్చిన పిల్లలు ఆ రాళ్ల నడుమ ఆడుకుంటూ పెద్దవారయ్యేంత కాలం గడిచిపోయింది. ఆ మండపం 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, తిరిగి తెరుచుకుంది.