పొగగొట్టం మసి ఎవరు దులపాలి?

వంటింటి పొగకు విరుగుడు తెలియకనే మన ఆడవాళ్లు ఇన్నాళ్లూ దగ్గుతూ బతికారనుకుంటే పొరపాటు. విరుగుడు హైదరాబాదులోనే తయారైంది. అక్కడి ఇంజినీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి.రాజు 1953లో పొగలేని వంటిళ్ల గురించి ఏకంగా ఒక చిన్న పుస్తకమే వేశారు. మట్టితో కట్టే పొయ్యి, ఒకే మంట మీద వరుసగా గిన్నెలు, పొగను ఇంటి కప్పు దాటించే గొట్టం. అయినా అర్ధ శతాబ్దం తర్వాత చెన్నై శ్రీరామచంద్ర సంస్థ పరిశోధకులు నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో నాలుగు వందలకు పైగా పల్లె ఇళ్ల గాలిని కొలిచారు. 2004లో అచ్చయిన ఆ లెక్కల్లో, ఘనపు మీటరు గాలిలో సన్న ధూళి రోజు సగటున గ్యాస్ ఇళ్లలో 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలు, పిడకల ఇళ్లలో 732 దాకా ఉంది.

పాత అలవాటు వదలక, రుచి మీద మోజుతో ఆడవాళ్లే కట్టెల పొయ్యిని పట్టుకుని వేలాడారని ఒక వాదన. కానీ అదే సర్వేలో మగవాళ్లందరిలో ఎక్కువ పొగ పీల్చింది 65 నుంచి 80 ఏళ్ల ముసలివాళ్లు. వాళ్లు వండరు, ఇల్లు కదలరు, అంతే. పొగకు అలవాటుతో పనిలేదు, ఇంట్లో ఉన్నవాళ్లందరినీ పట్టుకుంటుంది. మా అవ్వ ఆ పొగలోనే ఎనభై ఏళ్లు బతికింది కదా అనేవాళ్లూ ఉన్నారు. బతికిన అవ్వే కళ్లకు కనిపిస్తుంది. ఊపిరి గొట్టాలు ఏళ్ల తరబడి వాచి ఇరుకైపోతే ఊళ్లో దాన్ని దమ్ము అంటారు, వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు.

అసలు చిక్కు పొయ్యి కట్టడంలో లేదు, కట్టాక దాన్ని చూసుకోవడంలో ఉంది. గొట్టంలో మసి పేరుకుంటే పొగ వెనక్కి తన్ని మళ్లీ వంటింట్లోకే వస్తుంది. ఆ మసి దులిపే పనికి ఎవరూ కూలి కట్టలేదు. 1983లో మొదలైన కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం ఎన్ని కట్టామో లెక్కపెట్టుకుంది గానీ, ఎన్ని పనిచేస్తున్నాయో పట్టించుకున్నది తక్కువ. గ్యాస్‌లోనూ ఇదే చిక్కు. 1999 నాటి దీపం పథకం గ్యాస్ కనెక్షన్ ఇచ్చింది, 2016లో కేంద్రం ఉజ్వలా పథకం అదే చేసింది. ఖాళీ సిలిండరు మళ్లీ నింపించడానికి డబ్బు చాలావరకు ఇంటివాళ్లే చూసుకోవాల్సి వచ్చింది. కట్టెలు, పిడకలు ఏరుకుంటే వస్తాయి కాబట్టి, డబ్బు ఆడని నెలలో పొయ్యి మళ్లీ రాజుకుంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో తెచ్చిన 500 రూపాయల సిలిండరు ఈ నింపుడు ఖర్చు మీదికే వచ్చింది, ఆలస్యంగానైనా సరైన చోటికే. కాకపోతే అందులోనూ ముందు పూర్తి ధర కట్టాలి, రాయితీ తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది.